ఆగుతదనే కూసున్న

బొగ్గుబాయిలో పొద్దున పదయినా చీకటే. రెండువేల నాలుగు, గోదావరిఖని, మొదటి షిఫ్టు. పైకప్పుకు ఆనించే దుంగను గొడ్డలితో చెక్కుతున్న. నా గురి ఎంత గొప్పదంటే, దుంగకు ఏం కాలేదు. నా తొడ తెగింది.

నా జోడి బుచ్చన్న ఇంకో దుంగ కోసం పోయిండు. అతనికి చెప్పలేదు. పోయిన నెల వేలు గీసుకుంటేనే దవాఖానకు ఉరికిన. అప్పటి సంది అందరూ నన్ను 'బాలింత' అంటున్నరు. పాత సొరంగం మూలకు జరిగి, మా నాయిన చేసినట్టే గుప్పెడు బొగ్గుపొడి అద్ది తువ్వాల కట్టిన.

ఎక్కడో నీళ్ల చుక్కలు. తడి బొగ్గు వాసన. దాంట్లో తుప్పు వాసన... అది నా రక్తమే.

ఆగిందా అని విప్పి చూసిన. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతుంది. కట్టిన. మళ్ల విప్పిన. ఇంత తెలివి ఇంకెవరికుంటది?

"చిన్నదే తమ్మీ..."

పక్కనే ఎవరో. తల మీద దీపం లేదు.

"ఎవరన్నా?"

"కూసో. నాది గూడ ఆగుతదనే కూసున్న."

నా దీపం అటు తిప్పిన. అతని కాలుకు నల్లటి గుడ్డ. కింద చుక్క... చుక్క...

"ఎప్పటి సంది?"

"పిలువకు. నవ్వుతరు."

నా కాళ్లు చల్లబడ్డయి. నాలుక మొద్దుబారింది. ఇంట్ల నా పెండ్లాం సంతోషికి ఎనిమిదో నెల. అరవబోయిన. చల్లటి అరచెయ్యి నోరు మూసింది. కొరికిన. నోట్లో బొగ్గు...

"బుచ్చన్నా! సచ్చిపోతున్న!"

బుచ్చన్న ఉరికొచ్చిండు. రెండు చేతులతో తువ్వాల మీదనే బలమంతా పెట్టి ఒత్తిండు.

"విప్పకు! చిమ్మే రక్తానికి సిగ్గేందిరా, బాలింతా?"

దవాఖాన దాక ఆ చేతులు తియ్యలేదు. మా షిఫ్టు ఆగయ్య కాక స్ట్రెచర్ మోసిండు, ఇంకో ముగ్గురు పట్టిండ్రు. డాక్టరు కుట్లు వేసుకుంట తిట్టిండు. "చిమ్మితే, ఒత్తినా ఆగకుంటే, ఆ క్షణమే రావాలె. బొగ్గు మందా?"

బుచ్చన్న తప్ప అందరూ పోయినంక దవాఖాన నర్సమ్మ తలుపు తీసింది.

"బయట బెంచి మీద కాలుకు గుడ్డ కట్టుకున్నాయన మీతోటి వచ్చిండా? పిలిస్తే లోపలికి వస్తలేడు."

బుచ్చన్న పోయి చూసిండు. బెంచి ఖాళీ.

నర్సమ్మ గచ్చు దిక్కు చూసింది. బెంచి కాడి నుంచి నల్లటి చుక్కలు వరుసగా లోపలికి వచ్చి... నా మంచం కింద ఆగినయి.