స్కేలు పట్టుకున్న చెయ్యి

"మీ స్టాండు వచ్చింది సార్. మస్తుంది. కాకపోతే నా బండే దానికి పెద్దగయింది."

వాట్సాప్‌లో వచ్చిన ఆ గొంతును జయప్రకాశ్ మూడుసార్లు విన్నాడు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి, రెండోసారి కోపం తెచ్చుకోవడానికి. మూడోసారి ఎందుకు విన్నాడో అతన్నే అడగాలి.

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో, వాళ్ల ఇంటి ముందు ఒక రేకుల షెడ్డు ఉంది. దాని మీద బోర్డు: 'ఫోటోలు పంపండి, పార్టు అందుకోండి. బండి తేనక్కర్లేదు.' ఏ షాపులోనూ దొరకని ముక్క కావాలంటే బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసి పంపితే చాలు. జయప్రకాశ్ వాటిని కంప్యూటర్‌లో పేర్చి, కొలతలు రాబట్టి, ఇనుములో చేయించి, బస్సు పార్సిల్‌లో పంపేస్తాడు. రెండేళ్లలో ఒక్క పార్టు కూడా వెనక్కి రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు.

అలాంటివాడికి, ములకలపల్లి అవతల అడవి పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ యశోద, బండే పెద్దదైందని చెబుతోంది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఎంత తేడా వచ్చిందండీ?"

"రెండంగుళాలు. ఒక బోల్టు కలుస్తే ఇంకోటి కలుస్తలేదు. మా పెద్దమ్మ అంటది, గీ స్టాండు కోసం చిన్న బండి కొనుక్కో పో అని."

వెనక ఎవరో ఆడమనిషి కోయ భాషలో ఏదో అని గట్టిగా నవ్వింది.

"ఏమంటున్నారావిడ?"

"మీకెందుకులెండి. మంచి మాట కాదు."

"స్కేలు పెట్టి ఫోటోలు తీయమన్నాను కదా."

"ప్రతి ఫోటోల స్కేలు కనపడాలె అన్నరు. కనపడ్డది కదా."

కనపడింది. ఫోటోలు మళ్లీ తెరిచి చూస్తే తప్పెక్కడుందో కూడా కనపడింది. బడిపిల్లల కొయ్య స్కేలు అది. దాన్ని బండికి ఆనించి పెట్టాల్సింది పోయి, ఒక చెయ్యి కెమెరా ముందుకు చాచి పట్టుకుంది, పలక మీద రాసింది పంతులుకు చూపించినట్టు. దగ్గరున్న స్కేలు పెద్దగా పడింది. వెనకున్న బండి చిన్నగా పడింది. ఆ లెక్కన స్టాండు కూడా చిన్నదే తయారైంది.

ఈ పనిలో దిగిన మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకునే సంగతి. నలభై ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ అతని కంటికి ఎందుకు ఆనలేదంటే, అయ్యగారు స్కేలు చూస్తే కదా. చెయ్యి చూస్తూ కూర్చున్నాడు. "సార్, నా టీకాల డబ్బా వానకు తడవొద్దు, గుంతల్ల ఎగిరి పడొద్దు, గట్లాంటి స్టాండు చెయ్యాలె" అన్న గొంతు విన్న పది నిమిషాలకు ఆ ఫోటోలు వచ్చాయి. గొంతు యశోదది, కాబట్టి చెయ్యీ యశోదదే అనుకున్నాడు. మణికట్టు మీద చుక్కల పచ్చబొట్టు, పనిచేసిన వేళ్లు, ఒక్క ఎర్ర గాజు. ఆమె డీపీలో మోదుగుపువ్వు తప్ప మొహం లేదు మరి.

"తప్పు స్కేలుది," అన్నాడు.

"స్కేలుదా, మీదా?"

"నాదే," అన్నాడు. "నేను చూసుకోవాల్సింది."

అవతల గొంతు కొంచెం మెత్తబడింది. "గట్ల ఒప్పుకుంటరనుకోలే. ఒకసారి వచ్చి టేపు పెట్టి కొలుసుకొని పోరాదుండ్రి, అయిపాయె."

"బండి తేనక్కర్లేదని బోర్డు రాసుకున్నానండీ."

"నేను బండి తెస్తనంటలే. మిమ్మల్ని రమ్మంటున్న. మీరు రావొద్దని గూడ బోర్డు మీద రాసున్నదా?"

అలా రాసి లేదు. ఉన్నదల్లా పంతమే. ఒక్క బండి దగ్గరికి తనే వెళ్తే, ఇక ఫోటోల పనికి విలువేముందని అతని బెంగ.

"సరే, ఒక ముచ్చట చెప్త వినుండ్రి," అంది యశోద. ఈసారి గొంతులో ఆటపట్టించడం లేదు. "వాగవతల ఒక ఊరుంది. నెలకొక్క బుధవారమే నేను పోయేది. పోయిన నెల తాడు తెగి డబ్బా కింద పడ్డది. మూత ఊడి ఐసు ప్యాకులన్నీ బురదల. తొమ్మిది మంది తల్లులు పిల్లల్ని చంకనేసుకొని కూసున్నరు. వాళ్లను పంపించి, తెల్లారి మల్ల పోయి సూదులేసిన. ఇంకోసారి గిట్లయితే ఆ ఊరోళ్లనే ములకలపల్లికి రమ్మంటం అన్నరు పైవాళ్లు. పదకొండు కిలోమీటర్లు, వానల, వాగు దాటి. ఎవరొస్తరు? ఆ పిల్లలకు సూదులాగిపోతయి సార్."

"మళ్లీ వెళ్లేది ఎప్పుడు?"

"ఇంకా రెండు వారాలున్నది."

"అప్పటికి స్టాండు మీ బండి మీద ఉంటుంది," అన్నాడు జయప్రకాశ్. ఈ మాట అన్నప్పుడు పంతం గుర్తు రాలేదు.

అక్కడికి మాత్రం వెళ్లలేదు, ఫోన్లోనే చెప్పి ఈసారి స్కేలును బండికి దారంతో కట్టించాడు. ఫోటోలు నాలుగు విడతలు తీయించాడు. నిజానికి రెండు విడతలు చాలు. వాన పడుతుంటే బండికి గొడుగు పడుతూ ఆ చెయ్యి మళ్లీ ఫోటోల్లోకి వచ్చింది, అతని ప్రాణం లేచివచ్చింది.

పని మాటలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. యశోద ఊళ్లో సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీదే దొరుకుతుంది. పైమెట్టు మీద కూర్చుని ఆమె మాట్లాడితే, షెడ్డులో వెల్డింగ్ ఆపేసి, ఫోన్ స్పీకర్లో పెట్టి ఇతను వినేవాడు.

"మీకాడ వాన పడుతుందా?"

"మబ్బు పట్టింది, పడట్లేదు."

"మా వాన కొంచెం బస్సు పార్సిల్ల వెయ్యమంటరా? మీరెట్లాగూ ఇటు రారు కదా."

అలాంటి మాట విన్న రోజు ఇతను డ్రిల్లింగ్ తప్పు చోట చేసేవాడు.

ఈ వ్యవహారమంతా భారతమ్మ వంటింటి కిటికీలోంచి వింటూనే ఉంది. భారతమ్మ జయప్రకాశ్ తల్లి. మధిర దగ్గర మామిడి తోట, ఇక్కడ ఇల్లు, పెళ్లికెదిగిన కొడుకు, ఇవీ ఆవిడ చూసుకునే పనులు. మొదటి రెండూ చెప్పినట్టు వింటాయి. ఆ సాయంత్రం టీ గ్లాసుతోపాటు మూడు పెళ్లికూతుళ్ల ఫోటోలు పట్టుకొచ్చింది.

"ఫోటో చూస్తే ఏం తెలుస్తుందమ్మా?" అన్నాడు కొడుకు.

"ఆ ముక్క నీ బోర్డు మీద రాయించరా, బాగుంటుంది," అంది భారతమ్మ. అప్పుడే ఆవిడ చూపు కంప్యూటర్ మీద పడింది. తెరనిండా చెయ్యి. దాని మీద అడ్డంగా, నిలువుగా కొలత గీతలు. "బండి పార్టులు చేస్తావనుకున్నాను. మనుషులవీ చేస్తున్నావా?"

దొరికిపోయాడు. నీళ్లు నమిలి, చివరికి చెప్పేశాడు. స్టాండు కొలత తప్పినందుకు గాజులు కొనిద్దామనుకుంటున్నాననీ, స్కేలు ఆ చేతిలోనే ఉంది కాబట్టి బండి కొలత తప్పినా చేతి కొలత తప్పదనీ, టూ ఎయిట్ సైజు సరిగ్గా సరిపోతుందనీ.

"గాజులు క్షమాపణకి కొంటార్రా ఎవరైనా?"

జయప్రకాశ్ నేల చూశాడు. భారతమ్మ కళ్లజోడు సవరించుకుని తెర మీది చెయ్యిని చాలాసేపు చూసింది. పచ్చబొట్టు చూసింది, వేళ్ల కణుపులు చూసింది. పెదవి బిగబట్టింది, నవ్వు ఆపుకుంటున్నట్టు.

"రోజూ ఫోన్లో నిన్ను ఆడిస్తున్న పిల్లదేనా ఈ చెయ్యి?"

"అవునమ్మా."

"సరే. కష్టం చేసిన చెయ్యి, నాకు నచ్చింది. గాజులు మాత్రం పార్సిల్‌లో వెయ్యకు, పగుల్తాయి. నువ్వే తీసుకెళ్లు." మూడు ఫోటోలూ తిరిగి కొంగున దాచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున్నే బయల్దేరాడు. బండి వెనక స్టాండు, చొక్కా లోపల కాగితంలో చుట్టిన ఎర్ర గాజులు డజను. కొత్తగూడెం దాటాక చినుకు మొదలైంది, ములకలపల్లి దాటాక వానే. టేకు ఆకుల మీద పడే చప్పుడుకు ఇంజను చప్పుడు కూడా వినపడలేదు. వంద కిలోమీటర్ల పొడుగునా ఒకటే మాట బట్టీ పట్టాడు, ఊళ్లోకి రాగానే అదీ మర్చిపోయాడు.

ట్యాంకు మెట్ల మీద గొడుగేసుకుని ఒకమ్మాయి కూర్చుంది. సన్నగా, చామనఛాయగా, నవ్వడానికి సిద్ధంగా ఉంది.

"ఖమ్మం సారేనా? బోర్డు ఎవరైనా ఎత్తుకపోయిండ్రా ఏంది, కదిలొచ్చిండ్రు."

గొంతు ఫోన్లో కంటే బాగుంది. జయప్రకాశ్ నవ్వాడు, మొహం మీది వాన తుడుచుకున్నాడు. స్టాండు విప్పాడు. ఇద్దరూ పక్కనే ఉన్న యశోద ఇంటి చూరు కింద, ఆమె బండి దగ్గర వంగారు. ఒక బోల్టు కలిసింది. రెండోది కలిసింది. మూడోదాని దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నాలుగోది వేలితో తోస్తేనే దిగిపోయింది. యశోద టీకాల డబ్బా తెచ్చి పెట్టి, రెండు చేతులా పట్టి ఊపింది. డబ్బా కదల్లేదు, బండే ఊగింది.

"రేపు వాగు దాటుతది," అంది. కళ్లు తుడుచుకుంది. వానేమీ ఆమె మీద పడటం లేదు. "మస్తు చేసిండ్రు సార్."

ఇంతకంటే మంచి సమయం రాదని కాగితం పొట్లం చేతికిచ్చాడు. యశోద విప్పింది, చూసింది, తల వంచుకుంది. ఒక గాజు తొడుక్కుంది. అది మణికట్టు దాటి, ముంజేయి దాటి, మోచేతి దాకా జారిపోయింది.

"గాజులు మస్తున్నయి సార్. కాకపోతే నా చెయ్యే వాటికి చిన్నగయింది."

జయప్రకాశ్ అప్పుడు చూశాడు, ఆ మణికట్టు మీద పచ్చబొట్టు లేదు. ఈలోగా లోపలినుంచి యాభై దాటిన ఒకావిడ చేట పట్టుకుని వచ్చింది. మణికట్టు మీద చుక్కల పచ్చబొట్టు. ఒక్క ఎర్ర గాజు. ఆ చేతిని అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. మిల్లీమీటర్లతో సహా.

"మా పెద్దమ్మ, జంపక్క," అంది యశోద, నవ్వుతో వంగిపోతూ. "ఫోటో తీసేది నేనైతే, ఫోటోల నా చెయ్యెట్లుంటది సార్?"

జంపక్క చేట కింద పెట్టింది. గాజులు తీసుకుని ఒక్కొక్కటే తొడుక్కుంది. డజనూ చక్కగా దిగాయి. చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, కోయ భాషలో ఏదో అంది.

"ఏమంటున్నారు?" అన్నాడు జయప్రకాశ్ భయంభయంగా.

"తీసిచ్చేది లేదంటుంది." యశోద నవ్వాపింది. "ఇంకోటి గూడ అన్నది. ఈ పిలగాడు వచ్చింది నా చెయ్యి కోసమా, నీ కోసమా అడుగు అని."

"చెయ్యి చూసి రాలేదండీ," అన్నాడు. బట్టీ పట్టిన మాట కాదు, అప్పుడే వచ్చింది. "గొంతు విని వచ్చాను. గొంతైనా మీదేనా?"

"అవ్. గది నాదే." కాసేపు చూరునుంచి కారే నీళ్లను చూసింది. "కానీ మాది అడివి ఊరు. మీకేమో తోటలున్నయి. మీ అమ్మ ఏమంటదో తెలుసుకోకుండ నేనేం చెప్పను."

జయప్రకాశ్ ట్యాంకు మెట్లు ఎక్కాడు. ఆమె గొడుగు పట్టుకుని వెనకే ఎక్కింది. ఫోన్ కలిసింది. అతను నోరు తెరవకముందే భారతమ్మ గొంతు స్పీకర్లో గట్టిగా వినిపించింది.

"గాజులు ఎవరికి సరిపోయాయిరా?"

"వాళ్ల పెద్దమ్మకి. అమ్మా, నీకు ముందే తెలుసా?"

"అది నా ఈడు చెయ్యిరా. గొంతేమో పాతికేళ్లది. ఆమాత్రం తెలీదా? చెబితే నువ్వు సైజు మార్చి పార్సిల్ చేసేవాడివి, షెడ్డులోంచి కదిలేవాడివా?" ఆవిడ ఆగింది. "ఆ పిల్ల పక్కనుందా? అమ్మా యశోదా, వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను, మీ పెద్దమ్మతో మాట్లాడాలి. ఈసారి గాజులు నేను తెస్తాను. నీ సైజెంతో వాడికి చెప్పు తల్లీ. ఫోటో మాత్రం వద్దు."

ఫోన్ పెట్టేశాక యశోద గొడుగు ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి అతని ముందు చాచింది.

"కొలుసుకోండ్రి మరి."

గాజులమ్మేవాళ్లు చేసినట్టు ఆ వేళ్లన్నీ దగ్గరికి నొక్కి పట్టి చూశాడు జయప్రకాశ్. టూ ఫోర్ అని పట్టుకున్న క్షణంలోనే తెలిసింది. ఆ మాట చెప్పడానికి మాత్రం తొందరపడలేదు.

"గింతసేపు పడతదా సార్?"

"కొత్త కదండీ," అన్నాడు. "ఫోటో లేకుండా ఎప్పుడూ కొలవలేదు."

యశోద చెయ్యి వెనక్కి తీసుకోలేదు.