ముప్పై అంటే ఎటు?

ఉదయం 8.10. జెజు దీవి ఉత్తరపు ఒడ్డు. లైట్‌హౌస్‌కి పడమరగా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న, అబలోన్ అనే ఖరీదైన సముద్రపు గుల్లల మడి ఖాళీ అయిపోయింది. నీళ్ళలో మునిగి గుల్లలు ఏరే ఊరి ఆడవాళ్ళు మూడేళ్ళుగా పెంచుకున్న మడి అది.

గుల్లలు పోయిన వేళ, ముందురోజు మధ్యాహ్నం రెండింటికి, సముద్రం మీద ఉన్న పడవలు రెండే. ఒకటి ఆ ఆడవాళ్ళను రోజూ మడికి చేర్చే యాంగ్ గిల్‌హోది. రెండోది మత్స్య సంఘం పెద్ద మున్ చాంగ్‌సుది.

పడవల జాడ చెప్పే లొకేటర్ రికార్డు చిన్న డేటాబేస్ ఫైల్లో వచ్చింది. లైట్‌హౌస్ నుంచి దిక్సూచి లెక్కన యాంగ్ పడవ 30 డిగ్రీలు, మున్ పడవ 270. దూరం ఇద్దరికీ రెండు కిలోమీటర్లే.

కోస్ట్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ బు సంగిల్ ల్యాప్‌టాప్ తెరిచాడు. సైన్, కొసైన్ ఆ డేటాబేస్ టూల్లోనే ఉన్నాయి. తూర్పుకి ఎంత దూరమో తేలడానికి, రెండు ఇంటు సైన్ ముప్పై కొట్టాడు.

మైనస్ 1.976.

మైనస్ అంటే పడమర. మడి పక్కనే! అదే లెక్కన మున్ పడవేమో ఉత్తరాన లోతు నీళ్ళలో తేలింది.

11.20కి యాంగ్‌ని కూర్చోబెట్టాడు.

"రికార్డులో నీది ముప్పై డిగ్రీలు. నిన్న రెండింటికి ఎక్కడున్నావ్?"

"ఉత్తరం నుంచి కాస్త తూర్పుకి సార్. గాలం వేస్తున్నా."

"సాక్షులు?"

"చేపలు."

"వెటకారమా?"

"ముప్పై అంటే అటే గదా సార్!"

"లెక్క చేసింది మిషన్. దానికి నీమీద పగేంటి?"

మధ్యాహ్నానికి ఆడవాళ్ళు తేల్చేశారు. ఇరవై రెండేళ్ళుగా యాంగ్ నడిపిన పడవ తాళం నాలుగింటికల్లా అప్పగించాలి.

3.25. రిపోర్టు కోసం బు పెన్సిల్‌తో మ్యాపు గీస్తున్నాడు. ఉత్తరం నుంచి ముప్పై డిగ్రీలు. పెన్సిల్ కుడివైపు పోయింది.

చెయ్యి ఆగిపోయింది.

ఒట్టి సైన్ ముప్పై కొట్టి చూశాడు. బళ్ళో నేర్చుకున్న జవాబు అర. ఇక్కడ మైనస్ 0.988.

ల్యాప్‌టాప్ మూసి ఒడ్డుకి పరిగెత్తాడు.

3.50. ఒడ్డున ఆడవాళ్ళు చలి కాచుకునే రాళ్ళ గోడల మధ్య మంట చుట్టూ అందరూ ఉన్నారు. యాంగ్ గుప్పిట్లో తాళం.

"ఈ టూల్లో సైన్‌కి డిగ్రీలు తెలీవు. రేడియన్లనే వేరే కొలతలోకి మార్చి ఇవ్వాలి. నేను మార్చలేదు" అన్నాడు బు. "మారిస్తే యాంగ్ తూర్పున ఒక కిలోమీటరు. మీరు, మున్ గారూ, పడమర రెండు. సరిగ్గా మడి మీద. అసలు 270 అంటే నేరుగా పడమరేనని లెక్క లేకుండానే నాకు తెలియాల్సింది. మడి మీద ఏం చేశారు?"

మున్ నిప్పుల వైపు చూశాడు. "హోటల్ వాళ్ళకి గుల్లలు ఇస్తానని మాటిచ్చాను..."

బు యాంగ్ ముందు నడుం వంచాడు. "తప్పు మిషన్‌ది కాదు. నాది."

యాంగ్ అతని వైపు చూడలేదు. అందరికంటే పెద్దావిడ కో సుండొక్ వైపు తిరిగాడు.

"పిన్నీ, ముప్పై ఎటో నీకు తెలీదా?"

"తెలుసురా. పోలీసు పెట్టెతో వాదనెందుకని..."

మాట పూర్తికాలేదు. మునిగేటప్పుడు పెట్టుకునే అద్దాలు ఒడ్డు మీదే కళ్ళకు దించుకుంది.

యాంగ్ తాళం జేబులో వేసుకున్నాడు.

"ఆటు మొదలైంది, నీళ్ళు తీస్తున్నాయి. పనికి పడవ ఎక్కుతారా, ఈదుకుంటూ పోతారా?"

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తలదించుకుని ఎక్కారు.

మోటారు చప్పుడు దూరమై వినబడకుండా పోయేదాకా బు వంచిన నడుం ఎత్తలేదు.