రెండో సంతకం

"వారం మొత్తం రోజుకు ఎనిమిది గంటలు పండుకున్నరా మేడం?"

చేతుల ఉన్న కాగితం మీది నుంచి తల ఎత్తకుండనే అడిగిండు గణపతి.

"పండుకున్న," అన్నది కీర్తన.

"మధ్యల ఒక్కసారి గూడ లేవలే?"

"లేవలే."

"మంగళ, బుధ, గురువారాలు మీకు నైట్ డ్యూటీ ఉండె గదా. డ్యూటీల గూడ ఎనిమిది గంటలు పండుకున్నరా?"

వెనక కుర్చీలల్ల కూసున్న నర్సులు కిసుక్కుమన్నరు. కీర్తన చెవులు వేడెక్కినయి.

"ఒకటే పెన్ను, ఒకటే తీరు రాత," అన్నడు గణపతి నిమ్మళంగ. "చాయ్ గ్లాసు మరక గూడ ఏడు రోజుల మీద ఒకటే పడ్డది."

"మీరు కౌన్సిలరా, సీఐడీనా?" అని కాగితం గుంజుకొని కూసున్నది కీర్తన.

ఆమెకు కోపమెందుకు రాదు? వార్డుల పన్నెండు గంటలకే రెండు గంటల టెంపరేచర్ రాసిపెట్టే పిల్లలను పట్టుకొని దులిపేది ఆమెనే. "గడవని టైముకు లెక్క రాస్తవా?" అని అడిగితే ఎంతటోళ్ళైనా తల దించుకునుడే. వెనక అందరు ఆమెను చార్ట్ మేడం అంటరు. అసొంటి చార్ట్ మేడం సోమవారం పొద్దుగాల చాయ్ తాగుకుంట, ఏడు రోజుల నిద్రను రెండు నిమిషాలల్ల రాసిపడేసి దొరికిపోయింది.

గణపతిని పంపింది ఒక ట్రస్టు. దవాఖానలల్ల పనిచేసేటోళ్ళకు నిద్ర కరువైతున్నదని, మనసుల మాట చెప్పుకునే మనిషి లేక లోపల్లోపల నలుగుతున్నరని ధ్యానం నేర్పిస్తున్నరు. ఊరికి ఎనిమిది వారాలు. జనగామ అయిపోయింది, ఇప్పుడు మానుకోట, దీని తర్వాత భూపాలపల్లి. సోమవారం రెండున్నరకు, పొద్దుటి షిఫ్టు దిగినోళ్ళు మేడ మీది హాల్ల కూసోవాలె. ఇరవై నిమిషాలు కండ్లు మూసుకొని ఊపిరి మీద మనసు పెట్టాలె. ఇంటి దగ్గర పండుకునేముందు ఫోన్ల గణపతి గొంతు వినాలె. ఎన్ని గంటలు నిద్రపట్టింది, ఒంటరిగ అనిపించిందా అని రోజూ కాగితం మీద రాయాలె.

ఆ రెండో ప్రశ్న దగ్గరనే కీర్తన చెయ్యి ఆగింది. ఏడు రోజులకు ఏడు 'లేదు' అని కొట్టిపడేసింది.

నిజం వేరే ఉన్నది. రైలు పట్టాల పక్క ఒక్క గది కిరాయికి తీసుకొని ఉంటది. నైట్ దిగి వచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పండుకుంటది. కింది ఇంట్ల కుక్కర్ కూతలు, గల్లీల కూరగాయల ఆటో మైకు. నిద్ర రాదు. వార్డుల నలభై మందిని "తిన్నవా? గోళి ఏసుకున్నవా?" అని అడుగుతది. ఆమెను తిన్నవా అని అడిగేది ఫోన్ల అమ్మ ఒక్కతే, ఆ అమ్మ ఉండేది స్టేషన్ ఘన్‌పూర్‌ల.

నెల కింద నిద్రమబ్బుల ఇన్సులిన్ పది యూనిట్ల జాగల ఇరవై గుంజింది. ఇన్సులిన్‌కు ఇద్దరు చూసి ఇద్దరు సంతకం పెట్టుడు రూలు. రెండో సంతకం పెట్టే ఇన్‌ఛార్జ్ శోభారాణి సూది చూసి, ఆమె చేతిలకెల్లి తీసుకున్నది. ఎవ్వరికేం కాలేదు. కాని కీర్తనకు ఆనాటి నుంచి తన చేతులంటే తనకే భయం.

క్లాసు అయిపోయి అందరు పోయినంక కొత్త కాగితం అడిగి తీసుకున్నది. నిలవడే రాసింది. మూడు గంటలు, రెండు, నాలుగు, మూడు. రెండో ప్రశ్నకు ఏడు సార్లు 'అవును'. ఇన్సులిన్ సంగతి గూడ చెప్పింది.

గణపతి నవ్వలే, సలహా చెప్పలే. "ఇది రాసుడు కష్టమే మేడం," అన్నడు. "రాసిండ్రు. మంచిదైంది."

ఆ మాటకే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అవి దాచుకునేతందుకు, "మరి మీదేది? నేర్పేటోళ్ళు గూడ నింపాలంటిరి గదా?" అని గదిమింది.

ఇష్టం లేకున్నా ఫైలు తెరిచిండు. ఎనిమిది, ఎనిమిది, ఏడున్నర, ఎనిమిది. చార్ట్ మేడం కండ్ల ముందట అది దాగుతదా?

"ఏడున్నర అని మధ్యల ఒకటి వెట్టిండ్రు, నమ్మాలని," అన్నది. "మా పిల్లలు గూడ టెంపరేచర్‌కు గిట్లనే పాయింట్ రెండు కలుపుతరు."

గణపతి దొరికిపోయి నవ్విండు. "ఊరూరు తిరుగుడు, లాడ్జీల ఉండుడు. నాకు నిద్ర పట్టక ఏడాదైంది మేడం."

"మీ రికార్డు మీరే వినొచ్చు గదా?"

"నా గొంతు నేను వింటే తప్పులే వినపడుతయి. ఉన్న నిద్ర గూడ పోతది."

కీర్తనకు నవ్వొచ్చింది. నవ్వి చాన రోజులైందని నవ్వినంక తెలిసింది.

"ఇన్సులిన్ తీరుగనే చేద్దాం సార్. మీది నేను చూసి సంతకం పెడ్త, నాది మీరు చూసి పెట్టుండ్రి. రెండో సంతకం లేని కాగితం చెల్లదు."

అట్ల మొదలైంది. రోజూ షిఫ్టు మారే వేళకు క్యాంటీన్ల పది నిమిషాలు, రెండు చాయ్‌లు, రెండు కాగితాలు.

"నాలుగు గంటలా? నిన్న ఐదుండె. ఏమైంది?"

"వాన, సార్. రేకుల మీద ఒకటే మోత."

"వాన మీద మనసు పెట్టకుండ్రి, ఊపిరి మీద పెట్టుండ్రి."

"నా సంగతి సరే. మీరు రెండేనా? సిగ్గుండాలె, గురువుగారికి."

ఒకనాడు గణపతి ఫోన్ల రికార్డింగ్ ఆన్ చేసి ముందట పెట్టిండు. "నా మాటలే మీ గొంతుతోని చెప్పుండ్రి. నాకోసం."

కీర్తన గొంతు సవరించుకున్నది. "ఊపిరి పీల్చుండ్రి. మెల్లగ వదులుండ్రి. కదలకుండ్రి, కదిలితే నరం దొరకది, మల్ల పొడవాల్సొస్తది."

తెల్లారి గణపతి కాగితం మీద ఆరు గంటలున్నది. పెన్ను వేరే, రాత కుదురుగ ఉన్నది. నిజమే అని సంతకం పెట్టింది.

అమ్మ సారమ్మకు మాత్రం అనుమానమే. "కండ్లు మూసుకొని ఏ దేవుని జపం చేస్తున్నరే?" అని ఫోన్ల అడిగింది.

"జపం లేదమ్మా. ఊపిరి చూసుకునుడే."

"ఊపిరి ఇచ్చింది మన ప్రభువే గదా. చూసుకో మరి," అని, మల్ల అడిగింది. "నీ గొంతు మంచిగైందేందే? ఎవరా నేర్పే సారు?"

ఏడో వారానికి కీర్తనకు నిద్ర ఆరున్నర గంటలకు వచ్చింది. ఇన్సులిన్ గుంజేటప్పుడు తన చేతులంటే ఇప్పుడు భయం లేదు. ఒంటరితనం దగ్గర ఏడుకు ఏడు 'లేదు', ఈసారి నిజంగనే.

ఎనిమిదో సోమవారం వాన దంచికొడుతుంటే ఆఖరి కాగితం చూసిండు గణపతి. మస్తుసేపు చూసిండు.

"అంతా మంచిగున్నది. ఇగ మీకు నా అవసరం లేదు మేడం."

ఉండుమంటదేమోనని ఆయన ఎదురుచూసిండు. మల్లొస్తనంటడేమోనని ఆమె ఎదురుచూసింది.

"అవును. లేదు," అన్నది కీర్తన, పౌరుషానికి పోయి. సాయంత్రం బస్సుకు భూపాలపల్లి పోయిండు గణపతి.

ట్రస్టు రూలు ప్రకారం నెల తర్వాత ఇంకొకసారి ఒక వారం కాగితం నింపి పంపాలె. ఏ రోజుది ఆ రోజే నింపింది కీర్తన. ఏడో రోజు కాగితం ముందటేసుకొని కూసున్నది. ఫొటో తీసి పంపితే అయిపోతది. కింద రెండో సంతకం జాగ ఖాళీగున్నది.

తెల్లారి సోమవారం, ఆమెకు ఆఫ్. హన్మకొండల బస్సు మారి, పరకాల మీదికెల్లి భూపాలపల్లిల దిగేసరికి మధ్యాహ్నమైంది. బస్సుల ఉండంగనే అమ్మ ఫోను.

"ఊపిరి సారు దగ్గరికా?"

"అవునమ్మా."

"ఏం కులం, ఏం మతమని తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు నవ్వుకుంట రావాలె, అంతే. తిన్నవా?"

అక్కడి దవాఖాన హాల్ల క్లాసు నడుస్తున్నది. వెనక వరుసల కూసొని కండ్లు మూసుకున్నది. "ఊపిరి పీల్చుండ్రి, మెల్లగ" అంటున్న గొంతు నడుమల తడబడి ఆగింది. చూసిండని కండ్లు తెరవకుండనే తెలిసింది.

అందరు పోయినంక కాగితం చేతుల పెట్టింది.

"నిద్ర ఏడు గంటలు. శానా మంచిగున్నది," అన్నడు. కిందికి చూసి ఆగిండు. "మరి గిదేంది మేడం? ఒంటరిగ అనిపించిందా అంటే ఏడుకు ఏడు అవును?"

"నిజమే రాసిన."

"ధ్యానం పనిచెయ్యలేదా?"

"నిద్రకు చేసింది సార్. మునుపు ఎవ్వరు లేరని ఒంటరిగుండె. ఇప్పుడు ఒకే ఒక్కరు లేరని ఉన్నది. దానికి ఊపిరి చూసుకుంటే సరిపోతలేదు."

గణపతి ఫైలు తీసి తన కాగితం ఇచ్చిండు. నిద్ర మూడు, రెండు, నాలుగు. రోజుకొక పెన్ను. కింద ఏడు 'అవును'లు. రెండో సంతకం జాగ ఖాళీ.

"నా రికార్డు వింటలేరా?"

"వింటున్న. వింటే నిద్ర రాదు, మీరు యాదికొస్తరు." తల గోక్కున్నడు. "మా తండాకు పోయి మా యాడికి, అమ్మకు చెప్పిన. ఒక నర్సమ్మ ఉన్నది, ఆమె గొంతు కోసం నిద్ర పోగొట్టుకుంటున్ననని."

"ఏమన్నది మీ అమ్మ?"

"ఉట్టి గొంతు ఏం చేసుకుంటవురా, మనిషినే తీసుకరా అన్నది."

కీర్తన బ్యాగులకెల్లి పెన్ను తీసి ఆయన కాగితం మీద సంతకం పెట్టింది. ఆయన ఆమె కాగితం మీద పెట్టిండు. తర్వాత ఆమె తన కాగితం మల్ల తీసుకొని, ఏడో గీత కింద చేత్తోని ఇంకో గీత గీసింది. ఇయ్యాల్టి తారీకు వేసింది. ఒంటరిగ అనిపించిందా అన్న దగ్గర 'లేదు' అని రాసింది.

"మేడం, టైము మూడే అయింది," అన్నడు గణపతి. "గడవని రోజుకు లెక్క రాయొద్దంటరు గదా మీరు?"

"ఇది ఒక్కటి ముందుగాలనే రాస్త," అని పెన్ను ఆయన చేతుల పెట్టింది. "రెండో సంతకం పెట్టు."