శుక్రవారం మిగిలిన మాత్రలు

షీబా భర్త బెన్హర్ పొద్దుటి షిఫ్టుకు నెల్లిమర్ల జూట్ మిల్లుకి వెళ్ళిపోయాడు. శుక్రవారం కాబట్టి అత్తాకోడళ్ళకు ఉపవాస ప్రార్థన.

షీబా బాత్‌రూంలో లంగా మీది మరకనే చూస్తూ నిలబడింది. నెలసరికి ఇంకా నాలుగైదు రోజులున్నాయి. పోయిన నెలా ఇలాగే చుక్కలు కనబడి ఆగిపోయాయి. కడుపు నిలిచిందేమో, నిలిచి పోతోందేమో. వచ్చే నెలలోనే బీఈడీ చివరి పరీక్షలు.

బయటికొచ్చేసరికి అత్త రూబీ చేతిలో మాత్రల అట్ట ఉంది. ముసుగుకి తెల్లచీర కోసం బీరువా వెతికితే దొరికిందట. ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషికి అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

"బెన్హర్‌కి తెలుసా?"

"తెలుసత్తా. పరీక్షలయ్యేదాకా పిల్లలొద్దనుకున్నాం."

"అందరికీ తెలుసు, నాకు తప్ప! ఏడాది బట్టి నీకు కడుపు పండాలని మోకాళ్ళ మీద అడుగుతన్నాను. పక్కన కూకుని ఆమెన్ అంటన్నావు. ఇయి మింగుతానే అన్నావేటే?"

"శుక్రవారం మింగనేదత్తా."

రూబీ అట్టను వెలుతురుకి తిప్పింది. పైన పెన్నుతో వారాల పేర్లు. మూడు మాత్రలు మిగిలాయి, మూడూ శుక్రవారాలే.

"ఉపవాసం కదా, నోట్లో ఏటీ ఎయ్యకూడదని..." అంటూనే షీబా ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అది తనకు భక్తిలాగే కనబడింది. పైకి అనేసరికి తన మాట తనకే భయం వేసింది. అంత అబద్ధం మధ్య ఈ ఒక్క నియమాన్ని ఎవరి కోసం కాపాడుకుంది?

"అత్తా, రగతం కనబడతన్నాది."

చెంప పగులుతుందనుకుంది. రూబీ చెప్పులేసుకుంది.

"పద, ఆటో ఎక్కు."

విజయనగరంలో డాక్టరమ్మ పరీక్ష చేయించింది. "కడుపు లేదు. మధ్యలో మాత్రలు మానేస్తే ఇలా మరక కనబడొచ్చు. రోజూ వేసుకోవాలమ్మా."

షీబాకి ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే అత్త ముఖం చూడలేకపోయింది. వరండా బెంచీ మీద రూబీ కూలబడింది. పైటతో కళ్ళు ఒత్తుకుంది.

"నాను మనవడిని పోగొట్టుకున్నట్టే ఏడస్తన్నాను, సూడు. ఉంటే కదే పోవడానికి!"

"తప్పయిపోయిందత్తా."

"నీకేటి కావాలో నానెప్పుడన్నా అడిగానా? నీ నోటితో కూడా దేవుణ్ణి నానే అడిగేసినాను."

షీబా నిర్ఘాంతపోయి చూసింది. తిట్లకైతే సిద్ధపడే వచ్చింది. అత్త ఒళ్ళో తల పెట్టి, నలుగురూ చూస్తున్నారని కూడా మరిచి, వెక్కివెక్కి ఏడ్చింది.