చొక్కా జేబులో మాత్రలు

ఇస్త్రీ పని చేసే ఆ తల్లికి చొక్కా చేతికొస్తే ముందు జేబులు తడమడం అలవాటు. వీధిలో అందరి జేబుల్లోనూ మరిచిపోయిన టికెట్లు, తాళాలు తీసి భద్రంగా ఇచ్చేది. కొడుకు చొక్కా దగ్గరికొచ్చేసరికి మాత్రం సోదాకు దిగేది. మత్తుమందు కేసులో రెండేళ్లు జైల్లో ఉండి వాడు ఇల్లు చేరి నలభై రోజులైంది. స్నానం ఆలస్యమైనా అనుమానమే, తొందరగా ముగించినా అనుమానమే.

ఆ ఉదయం జేబులో మాత్రల అట్ట తగిలింది. మాత్రలన్నీ ఒలిచి మరుగుదొడ్లో పోసి నీళ్లు వదిలేసింది.

కొడుకు తల తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, నా జేబులో మాత్రలేవి?"

"పారేశా. మళ్లీ మొదలెట్టావట్రా?"

"మొదలెట్టకుండా ఉండటానికేనమ్మా అవి! ఆసుపత్రిలో ఇచ్చారు. రోజూ అక్కడికే వెళ్లి వేసుకోవాలి. రోజూ వస్తే గోదాములో పని పోతుందని బతిమాలితే వారానికి సరిపడా చేతికిచ్చారు."

"ఈ కబుర్లు అప్పుడూ చెప్పావు. నిన్ను పట్టుకెళ్లే ముందు వారం కూడా ఇలాగే దొరికితే, అవీ పారేశా."

వాడు తువ్వాలు పక్కన పడేశాడు.

"నువ్వా? నేనే ఎక్కడో పోగొట్టుకున్నాననుకున్నా. వీటినీ మత్తుకి కొనేవాళ్లుంటారు కదా, అమ్ముకున్నానని ఆసుపత్రివాళ్లు మళ్లీ ఇవ్వలేదు. మూడో రోజుకి ఒళ్లు తట్టుకోలేక మత్తుమందు అమ్మే పాత సందుకే పోయా. అక్కడే దొరికిపోయా. నాతో దొరికిన కాంట్రాక్టరు కొడుక్కి వకీలొచ్చాడు, సాయంత్రానికి ఇంటికెళ్లాడు. నాకు జామీనిచ్చే దిక్కే లేకపోయింది."

జామీను కోసం కబురొస్తే, నాలుగు రోజులుంటే బుద్ధొస్తుందని తలుపేసుకున్నది ఆవిడే. ఆ నాలుగు రోజులే రెండేళ్లయ్యాయి.

"ఇప్పుడూ ఇవ్వరమ్మా. జైలుకెళ్లొచ్చినవాడి మాట ఎవరు నమ్ముతారు?"

"పద, నేనొస్తా," అంటూ ఆవిడ ఇస్త్రీపెట్టె ఆపేసింది.

ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ ముందు వరుసలో వాళ్ల వీధివాళ్లు ఇద్దరున్నారు. కొడుకు ఇన్నాళ్లూ పైఊళ్లో పనిచేశాడని వాళ్లకు చెప్పుకున్న మనిషి ఆవిడ. తల దించుకోబోయి మానేసింది.

"అప్పుడే పోయాయా? ఎవరికి అమ్మావ్?" అంది నర్సు. ఆ చూపు ఆవిడకు కొత్త కాదు. నలభై రోజులుగా తనూ వాణ్ని అలాగే చూస్తోంది.

"నేనే పారేశానమ్మా," అంది ఆవిడ, వరుసంతా వినేలా. "వీడు నా కొడుకు. జైలు నుంచి వచ్చాడు. రెండేళ్ల కింద పోయిన మాత్రలూ నేనే పారేశాను. రాసుకోండి. వాడు అప్పుడూ అబద్ధం చెప్పలేదు."