దిష్టి చుక్క పెట్టిన గోడ

అరుణపురిలో జనానికి కోపం రావడం మానేసి ఏడాది దాటింది. అంగారకుడి నేల కింద తవ్విన ఆ ఊళ్లో కిటికీల్లేవు, గోడలన్నీ తెరలే. మొగుడూ పెళ్లాలు పోట్లాటకు దిగినా మాట మధ్యలో చూపు గోడ మీదికి జారేది. అంతే, ఎందుకు అరుచుకుంటున్నారో మరిచిపోయి టీ పెట్టుకునేవారు.

ఆ మహిమ ఆ తెరల మీద పరిచిన శాంతినేపథ్యం అనే డిజైన్‌ది. దాన్ని గీసింది మందాకిని. చిత్రిక అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ముందు లతలూ పూలతో ఒక చిన్న చదరం గీస్తుంది. దాన్ని సగానికి జరిపితే అంచులు నడిమధ్యకొస్తాయి. అక్కడ బయటపడ్డ అతుకుల్ని నున్నగా కలిపేసి, ఆ చదరాన్నే గోడంతా పరుస్తుంది. అతుకు దొరకని చూపు ఎక్కడా ఆగదు. గోడలోని సెన్సర్లు కంటిపాప కదలికను పసిగట్టి, దానికి తగ్గట్టు రంగులు మారుస్తాయి. చూపు వెంట మెదడూ మెత్తబడుతుంది, ఇక కోపం నిలవదు.

తన పనికి మందాకిని మురిసిపోయిన రోజులున్నాయి. అక్క నూకరత్నాన్ని చూడబోయిన రోజున ఆ మురిపెం కాస్తా విరిగిపోయింది. కొత్తగా కట్టిన లోహాల కొలిమి కోసం అక్క ఉండే దిగువ వీధికి ప్రాణవాయువు తగ్గించారు. అక్క పెదాలు నీలంగా ఉన్నాయి, మంచం మీద రొప్పుతోంది. చూపు మాత్రం గోడ మీద, ముఖాన చిరునవ్వు.

“బానే ఉన్నాను లేవే,” అంది.

మందాకినికి ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎక్కడ చల్లారిపోతుందోనని గోడకేసి చూడకుండా తల వంచుకుని బయటపడింది. నేరుగా నగరాధికారి భానోజీరావు దగ్గరికి పోయింది. శాంతినేపథ్యాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఆయనే.

“రేపట్నుంచి దిగువ వీధికి గాలి ఇంకాస్త తగ్గిస్తున్నాం. కొంచెం చిక్కటి డిజైన్ కావాలమ్మా,” అన్నాడాయన.

“జనం పోతారు సార్.”

“ఒక్కరైనా వచ్చి గాలి చాలట్లేదన్నారా? అననివ్వండి, అప్పుడు చూద్దాం.”

“అలాగే, అననిద్దాం,” అని మందాకిని వచ్చి పనిలో కూర్చుంది. చదరం పూర్తయ్యాక, అందమైన పువ్వు పక్కన నల్లటి చుక్క ఒకటి పెట్టింది.

“ఈ చుక్క డిజైన్‌లో ఇమడలేదు. తుడిచెయ్యమంటారా?” అని అడిగింది చిత్రిక.

“ముట్టుకున్నావంటే ఊరుకోను. అది దిష్టి చుక్క.”

“దాని ఉపయోగం?”

“ముద్దొచ్చే బిడ్డకు బుగ్గన పెడతారు, చూసేవాళ్ల కన్ను ముందు దానిమీద పడాలని.”

“కన్ను ఆగితే నేపథ్యం పనిచెయ్యదు.”

“అందుకే పెట్టాను.”

గీసేవాళ్ల ఆచారాల జోలికి పోవద్దని చిత్రికకు నేర్పి ఉంచారు. అది మారుమాట్లాడకుండా చదరాన్ని ఊరి గోడలన్నిటికీ పంపేసింది.

తెల్లవారేసరికి భానోజీరావు ఆఫీసు ముందు జనం. మందాకిని గుండె ఉప్పొంగింది. వచ్చారు, గాలి అడగడానికి వచ్చారు. అందరికంటే ముందు నూకరత్నం, గోడ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడింది.

“నా గోడకి... ఈ నల్లమచ్చలేంటండీ? రాత్రంతా... కన్ను మూతపడలేదు.”

“మాకూ అంతే. ఇల్లంతా ఈగలు ముసిరినట్టుంది,” అన్నారు వెనకున్నవాళ్లు. గాలి మాట ఒక్కరి నోటా రాలేదు.

భానోజీరావు నవ్వాడు. “చూశారా, వీళ్లకి కావలసింది గోడే. తుడిచెయ్యండి.”

మందాకినికి ఏడుపొచ్చినంత పనైంది. మరుక్షణం తెగింపొచ్చింది. గీసినవాళ్ల వేలిముద్ర లేనిదే చిత్రిక చదరాన్ని మార్చదు. ఆమె పిడికిలి బిగించింది.

“తుడుస్తాను. దిగువ వీధికి గాలి పూర్తిగా వదిలాకే.”

“ఆ గాలేదో వదిలెయ్యండి సార్, మా గోడ బాగుపడాలి,” అంటూ జనం మీదికొచ్చేశారు. ఏడాదిగా ఎక్కడికి పోయిందో ఆ కోపమంతా ఒక్కసారే తిరిగొచ్చింది. భానోజీరావు గాలి గొట్టాల మూతలు తెరిపించక తప్పలేదు.

గొట్టాల్లో గాలి బుస్సుమంది. చూస్తుండగానే నూకరత్నం పెదాలకు ఎరుపెక్కింది.

“ఇంక తుడువే,” అంది.

“తుడవనక్కా. తుడిస్తే రేపు మళ్లీ గాలి కట్టేస్తారు. మళ్లీ నవ్వుతూ పడుకుంటావు.”

నూకరత్నం అందుకుంది. మాట తప్పినదానివని, చిన్నప్పట్నుంచీ నీది మొండితనమేనని, నీ చేతులు విరగ్గొట్టాలని, మధ్యలో ఊపిరి తీసుకోవడానికైనా ఆగకుండా తిడుతూనే ఉంది. మందాకిని చెవులప్పగించి, ఒక్క మాటా పోనీకుండా వింది.