జనరేటర్ గదిలో రెండుంపావు లైటు

రాత్రి సరిగ్గా రెండుంపావు. పసిపిల్లల వార్డులో నర్సు పాలసీసాలను వేడినీళ్లలో వేస్తోంది. కిటికీ అవతల, ఆసుపత్రి పెరటి చివర, జనరేటర్ గదిలో లైటు వెలిగింది.

లోపల మనిషి లేడు. పద్దెనిమిది రోజులుగా ఇదే వరస.

ఆ గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు. అందరూ చెక్‌లిస్ట్ బాబాయి అని పిలిచే పెద్ద ఎలక్ట్రీషియన్ పాతికేళ్లు ఆ గదిలోనే గడిపాడు. రెండు నెలల కిందట గుండెపోటుతో పోయాడు. నెల తిరక్కుండా ఆయన పేరు మీద సూపరింటెండెంట్‌కు మెసేజ్ వచ్చింది — "జనరేటర్ చూశారా?" వారానికి మళ్లీ — "ఇంకా చూడలేదా?" ఆ తర్వాత ఈ లైటు. దాంతోపాటు ఫ్యాను కూడా...

సూపరింటెండెంట్ ధైర్యవంతుడు. వెంటనే సర్క్యులర్ తీశాడు: చీకటి పడ్డాక జనరేటర్ గది వైపు ఎవరూ వెళ్లరాదు. పగలు వెళ్లమని అందులో లేదు కాబట్టి పగలూ ఎవరూ వెళ్లలేదు. మృతుడి మీద గౌరవంతో జనరేటర్ పని ఆయన పేరు మీదే ఉంచేశారు. చనిపోయిన మనిషికి అంత నమ్మకంగా డ్యూటీ వేసిన ఆఫీసు ఇంకోటి ఉండదు.

ఆ రాత్రి గాలివాన. కరెంటు రెండుసార్లు పోయినట్టే పోయి వచ్చింది. అద్దాల పెట్టెల్లో ముగ్గురు పిల్లలు. మూడోది కిలోంపావు ఉంటుంది, ఊపిరి మిషన్ మీద ఉంది.

వార్డు కంప్యూటర్ టింగుమంది. తెర మీద చెక్‌లిస్ట్ బాబాయి పేరు.

"బ్యాటరీ దిగిపోయింది. కరెంటు పోతే జనరేటర్ లేవదు. సార్‌కు రెండుసార్లు చెప్పాను. పిల్లల దగ్గర ఎవరున్నారమ్మా?"

నర్సు సూపరింటెండెంట్‌కు ఫోన్ చేసింది.

"సర్క్యులర్ చదవలేదా?" అని ఆయన ఆవులించి పెట్టేశాడు.

ఆమె మూడో పెట్టె వైపు చూసింది. పిల్ల గుప్పెడంత ఛాతీ మిషన్ చెప్పినట్టు లేచి పడుతోంది. ఆయాను అక్కడ కూర్చోబెట్టి గబగబా కిందికి దిగింది.

"తాతా, టార్చి తీసుకుని రా."

"నేనెందుకమ్మా!" వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "ఆయనకు నీమీదే అభిమానం ఎక్కువ."

"బాబాయి నీ గొడుగు తీసుకుని ఇవ్వలేదని ఇన్నాళ్లూ గొణిగావుగా. ఇప్పుడు అడుగుదువుగాని."

"గొడుగుదేముందమ్మా... ఉంచుకోమను."

వచ్చాడు. పది అడుగులు వెనక.

తలుపు తాళానికి తన ఐడీ కార్డు ఆనించింది. క్లిక్‌మంది — దానంతటదే తెరుచుకుంది. ఫ్యాను తిరుగుతోంది. స్టూలు మీద కళ్లజోడు పెట్టె, పెట్టిన చోటే. గోడ ప్లగ్గులోంచి నల్లటి వైరొకటి పాములా పాకి కిటికీలోంచి బయటికి వెళ్తోంది...

రెండు చేతులా లాగింది. వైరు వస్తూ ఉంది. చివరికి వచ్చింది — మైకు.

నేల మీద బ్యాటరీ చార్జరు ప్లగ్గు దుమ్ము కొట్టుకుని పడుంది. అప్పుడు అర్థమైంది. పెరట్లో బాబాయి సంతాపసభ జరిగిన రోజు మైకు కోసం చార్జరు పీకారు. మళ్లీ పెట్టలేదు. ఆ మైకులోనే సూపరింటెండెంట్ ముప్పావుగంట మాట్లాడాడు, బాబాయి అప్రమత్తత గురించి.

ఆమె మైకు వైరు పీకి చార్జరు ప్లగ్గు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. గోడకున్న పనుల జాబితా తెర మీద "చూశాను" అన్న చోట నొక్కింది.

గదిలో లైటు ఆరిపోయింది.

వాచ్‌మన్ అప్పటికే గేటు దగ్గరున్నాడు. టార్చి కూడా అక్కడే ఉంది.

నాలుగూ నలభైకి కరెంటు పోయింది. ఊపిరి మిషన్ సొంత బ్యాటరీ మీద కీచుమంటోంది. అది పది నిమిషాలకు మించి రాదు. చీకట్లో నర్సు మూడో పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడింది. పెరట్లో జనరేటర్ ఒకసారి దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గింది... మూడోసారి అందుకుంది.

పొద్దున సూపరింటెండెంట్ తన ముందుచూపును మెచ్చుకుంటూ ఇంకో సర్క్యులర్ తీశాడు.

మూడు రోజులకు నర్సు ఫోన్‌కు బాబాయి పేరు మీద మెసేజ్ వచ్చింది. "థాంక్స్ నర్సమ్మా. నువ్వొస్తావని తెలుసు. తలుపు వేశావా?"

ఆమె పరుగున కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరికి వెళ్లింది. అతను ఆసుపత్రి పనుల సాఫ్ట్‌వేర్ తెరిచి చాలాసేపు చదివాడు.

"దెయ్యం కాదక్కా. బాబాయి బతికుండగా ఇందులో పెట్టి వెళ్లిన ఆదేశాలు. పని జరగకపోతే వారమాగి మెసేజ్ పంపు. అప్పటికీ జరగకపోతే ఇంకో వారమాగి మళ్లీ పంపు, ఆ తర్వాత రాత్రిళ్లు లైటూ ఫ్యానూ వెయ్యి. బ్యాటరీ దిగితే పిల్లల వార్డుకు చెప్పు. ఎవరైనా వస్తే మూడు రోజులాగి థాంక్స్ చెప్పు."

"మరి నేనే వెళ్తానని ఆయనకెలా తెలుసు?"

"తెలీదు. పద్నాలుగు కార్డులకూ పద్నాలుగు మెసేజ్‌లు రాసి పెట్టాడు. ఎవరి కార్డు తగిలితే వాళ్లది వెళ్తుంది."

వాచ్‌మన్ కార్డుకు ఎదురుగా ఇలా ఉంది: "గొడుగు తలుపు వెనకే ఉంది, తీసుకెళ్లు."

అన్నిటికన్నా కింద సూపరింటెండెంట్ కార్డు. "మీరా సార్! నా కళ్లను నేనే నమ్మలేకపోతున్నాను." పక్కనే, గదికి ఎన్నిసార్లు వచ్చారో చూపే గడి. అందులో బాబాయి అంకె వేలల్లో ఉంది. సార్ అంకె సున్నా.